కడుపులో బల్ల: శ్రీకాకుళంలో ఒక గౌచర్ కేసు

గౌచర్ అంటే ఒక ఎంజైమ్ లోపించి కణాల్లో కొవ్వు పేరుకునే అరుదైన వంశపారంపర్య వ్యాధి. ఈ కేసు రాయడానికి పాప తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. ఊరి పేరు రాయడం లేదు, గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు ఇంటి వివరాలు మార్చాను. రక్తం లెక్కలు, స్లైడ్‌లో చూసినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. నేను పాథాలజిస్టుని. శ్రీకాకుళంలో ల్యాబ్ నడుపుతూ ఇరవై ఏళ్లు దాటింది.

పాపకి ఆరేళ్లు. తల్లి పలాస దగ్గర జీడి బట్టీలో పిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. తండ్రి వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి, ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే ఉంటాడు. అందుకని పాపని తీసుకొచ్చింది అమ్మమ్మ. పిల్లల డాక్టరుగారు ఇచ్చిన చీటీలో రెండే లైన్లు: ప్లీహం బాగా పెద్దది, ప్లేట్‌లెట్లు తక్కువ, లుకేమియా (రక్త క్యాన్సర్) ఉందో లేదో ఎముక మజ్జ పరీక్షలో తేల్చండి.

బల్ల మీద పడుకోబెట్టి గౌను పైకి తీస్తే ముందు కనిపించినవి వాతల మచ్చలు. ఎడమ పక్కటెముకల కింద, రూపాయి బిళ్లకంటే చిన్నవి, నాలుగు. మన వైపు కడుపులో ప్లీహం పెరిగితే "బల్ల" అంటారు, బల్లకి వాత పెడతారు. ఆ మచ్చల కిందే చెయ్యి పెడితే గట్టిగా, నున్నగా ప్లీహం అంచు తగిలింది. పక్కటెముకల నుంచి 11 సెంటీమీటర్లు కిందికి, బొడ్డు దాటి ఉంది. కాలేయం 4 సెంటీమీటర్లు. చేతులూ కాళ్లూ మాత్రం పుల్లల్లా ఉన్నాయి. హిమోగ్లోబిన్ 7.8, తెల్లకణాలు 3,400, ప్లేట్‌లెట్లు 62,000.

అంతకు ముందు రెండేళ్లలో జరిగింది అమ్మమ్మ సంచిలోని కాగితాలే చెప్పాయి. మూడుసార్లు మలేరియా మందులు. ఐరన్ టానిక్ సీసాలు లెక్కలేదు. సికిల్‌సెల్ పరీక్ష, తలసేమియా కోసం హిమోగ్లోబిన్ రకాలు చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష, రెండూ నార్మల్. ఏజెన్సీ పక్కనున్న జిల్లాలో పెద్ద ప్లీహం కనిపిస్తే మలేరియా, సికిల్‌సెల్, తలసేమియా ముందు గుర్తుకు రావడం సహజం, సరైనదే కూడా. ఎవరినీ తప్పు పట్టను. చివర్లో ఒకచోట ప్లీహం తీసేద్దాం అన్నారట. దానికి వడ్డీకి డబ్బు కూడా తెచ్చి ఉంచారు.

ఆ సంచిలో నా ల్యాబ్ రిపోర్టు కూడా ఒకటి ఉంది. పాపకి నాలుగేళ్లప్పటిది. ప్లేట్‌లెట్లు 1,12,000 అని వేసి, కింద "మలేరియా పరాన్నజీవులు లేవు, క్లినికల్‌గా పోల్చుకోగలరు" అని రాసి సంతకం పెట్టాను. తప్పు రాయలేదు. కానీ ఆ రోజు పాప నా ల్యాబ్ బెంచీ మీదే కూర్చుని ఉంటుంది. లేచి వెళ్లి కడుపు మీద చెయ్యి పెట్టి చూడలేదు. ఈ కేసు రాయాలనుకోవడానికి సగం కారణం ఆ కాగితమే.

రాత్రుళ్లు కాళ్ల నొప్పులని ఏడుస్తుందని, ముక్కులోంచి రక్తం కారుతుందని అమ్మమ్మ చెప్పింది. ఇంకా పిల్లలున్నారా అని అడిగితే, చెప్పాల్సిన విషయమే కాదన్నట్టు అంది: "దీనికి తమ్ముడున్నాడు బాబూ, రెండేళ్లోడు. దీనికి ముందు ఒక గుంటడు. ఆడూ ఇలగే బల్లొచ్చి మూడేళ్లకి పోనాడు." అన్ని కాగితాల్లో ఎక్కడా ఈ మాట లేదు. అడిగిన వాళ్లు లేరు, అడిగితేగాని చెప్పే అలవాటు వాళ్లకీ లేదు. పాప తల్లిదండ్రులది మేనరికం. తల్లిని ఆమె సొంత మేనమామకే ఇచ్చారు. అంటే నా ముందు కూర్చున్నామె పాపకి అమ్మమ్మ, పాప తండ్రికి అప్ప.

స్లైడ్‌లో

మజ్జ తుంటి ఎముక వెనక నుంచి తీశాను. స్లైడ్ రంగు పడేదాకా నా టెన్షన్ అంతా లుకేమియా గురించే. తక్కువ పవర్ లెన్సులో చూస్తే లుకేమియాలో నిండిపోయే బ్లాస్ట్ కణాలు లేవు. కానీ మజ్జ తునకల అంచుల్లో, ఎర్రకణాలకి ఆరేడు రెట్ల వెడల్పుతో పెద్ద పెద్ద కణాలు గుంపులుగా ఉన్నాయి. నూనె లెన్సు తిప్పాను.

కేంద్రకం చిన్నది, ఒక పక్కకి ఒత్తుకుపోయింది. మిగతా కణమంతా లేత నీలి బూడిద రంగు, దాని నిండా సన్నసన్న గీతలు, మడతలు. ఇంగ్లిష్ పుస్తకాలు దీన్ని నలిపిన టిష్యూ కాగితంతో పోలుస్తాయి. నాకు మాత్రం పిండి మడత విప్పకుండా వదిలేసిన పొందూరు సన్న ఖాదీ పంచె గుర్తొచ్చింది. పోగుపోగూ కనిపిస్తుంది, కానీ ఏ పోగు ఎటు పోతుందో తెలీదు. పీఏఎస్ రంగు వేస్తే ఆ గీతలు ముదురు గులాబీ రంగులో తేలాయి. ఇవి గౌచర్ కణాలు.

ఇక్కడ తోటి ల్యాబ్ వాళ్లకి ఒక మాట. ఇలాంటి కణాలు కనబడగానే గౌచర్ అని రాసేయకూడదు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియాలో, తలసేమియాలో కూడా అచ్చం ఇలాగే ఉండే కణాలు వస్తాయి. అక్కడ కణంలో లోపం ఉండదు, చనిపోయే రక్తకణాల సంఖ్య మరీ ఎక్కువై శుభ్రం చేసే కణాలు అందుకోలేకపోతాయి. స్లైడ్ అనుమానం చెబుతుంది. నిర్ధారణ ఎంజైమ్ పరీక్షతోనే. ఆ రోజు మోకాలి ఎక్స్‌రే తీయించాం. తొడ ఎముక కింది భాగం నడుము సన్నబడకుండా, కెమిస్ట్రీ ల్యాబ్ ఫ్లాస్కు అడుగులా వెడల్పుగా ఉంది. ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్ ఎక్కువగా వచ్చింది. ఐరన్ లోపమే లేని పాపకి రెండేళ్లు ఐరన్ పోశారన్నమాట.

ఈ కణాలు ఏమిటి, ఎందుకిలా ఉబ్బాయి? ఇవి మాక్రోఫేజులు. ప్లీహంలో, కాలేయంలో, మజ్జలో ఉండి పాతబడ్డ రక్తకణాలని మింగి అరిగించే కణాలు. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. ఆ తర్వాత దాని పొరతో సహా మాక్రోఫేజ్ కడుపులోకి వెళ్లాల్సిందే. ఆ పొరలోని కొవ్వులు విరిగి విరిగి చివరికి గ్లూకోసిల్‌సెరమైడ్ అనే ముక్క మిగులుతుంది. దాన్ని గ్లూకోజ్‌గా, సెరమైడ్‌గా విడగొట్టే ఎంజైమ్ గ్లూకోసెరబ్రోసిడేజ్. అది పనిచేసే చోటు లైసోజోము, అంటే కణం లోపల ఉండే అరిగించే సంచి. ఎంజైమ్ లేకపోతే ఆ ముక్క అక్కడే పేరుకుంటుంది. స్లైడ్‌లో నేను చూసిన మడతలు అవే: ఆ కొవ్వుతో సాగిపోయిన లైసోజోములు. పేరుకున్న కొవ్వు బరువు నిజానికి కొద్దే. దాని చుట్టూ రేగే వాపు, కణాల పెరుగుదల వల్ల ప్లీహం అంత పెద్దదవుతుంది. పెద్దదైన ప్లీహం ప్లేట్‌లెట్లని తనలోనే పట్టి ఉంచుతుంది, మజ్జలో కొత్తవి పుట్టే చోటు తగ్గుతుంది. ముక్కులోంచి రక్తం, కాళ్ల నొప్పి, 62,000 అన్న అంకె, అన్నీ ఇక్కడి నుంచే.

1882లో పారిస్‌లో ఫిలిప్ గౌచర్ అనే వైద్య విద్యార్థి తన థీసిస్‌లో ఇలాంటి ప్లీహాన్నే వర్ణించాడు. అతను దాన్ని ప్లీహంలో పుట్టిన ఒక రకం కంతి అనుకున్నాడు. కణం ఉబ్బింది కొత్తగా ఏదో పెరిగి కాదు, పోవాల్సింది పోక అని తెలియడానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది. ఏ ఎంజైమ్ లోపమో 1965 నాటికి రాస్కో బ్రేడీ బృందం తేల్చింది.

ఫ్రిజ్‌లో శాంపిల్

ఎంజైమ్ పరీక్షకి పంపిన మొదటి రక్తం శాంపిల్ పాడైంది. శుక్రవారం కొరియర్‌లో హైదరాబాద్ పంపాం, అది సోమవారం సాయంత్రం చేరింది. మే నెల ఎండలు. గ్లూకోసెరబ్రోసిడేజ్ దాదాపు సున్నా అని ఫోన్ వచ్చింది, నా మనసు కుదుటపడింది. మరుక్షణమే అక్కడి డాక్టరమ్మ చెప్పారు: తోడుగా కొలిచే బీటా గాలక్టోసిడేజ్ కూడా పడిపోయింది, ఈ రిపోర్టు నేను ఇవ్వను. ఆమె చేసింది సరైన పని. ఒక లైసోజోము ఎంజైమ్ తగ్గిందని చెప్పాలంటే మరో లైసోజోము ఎంజైమ్ బాగుందని చూపించాలి. రెండూ తగ్గితే పాడైంది శాంపిల్. పక్క ఎంజైమ్ చూడకుండా రిపోర్టు ఇచ్చి ఉంటే, అంకె నిజమే అయినా దాని మీద నమ్మకం పెట్టుకునే హక్కు మాకు ఉండేది కాదు.

రెండోసారి పాప పెదనాన్న తీసుకెళ్లాడు. ఐస్ తగలకుండా గుడ్డ చుట్టి, చల్లటి డబ్బాలో ట్యూబు పెట్టి, శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో రాత్రి బండి ఎక్కించాం. గడ్డకట్టిస్తే తెల్లకణాలు పగిలిపోతాయి, వేడెక్కితే ఎంజైమ్ పోతుంది, అని మూడుసార్లు చెప్పాను. రాత్రంతా డబ్బా ఒళ్లోనే పెట్టుకున్నానని తర్వాత చెప్పాడు.

లైసోజోము కనుక్కోవడంలోనూ ఒక ఫ్రిజ్ కథ ఉంది, అది నాకు ఎంతో ఇష్టం. బెల్జియంలో క్రిస్టియాన్ డి డూవ్ ఇన్సులిన్ మీద పనిచేస్తూ ఎలుక కాలేయం నూరి, యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కొలిచాడు. ఉండాల్సినంత రాలేదు. ఆ ట్యూబులు ఫ్రిజ్‌లో పెట్టి అయిదు రోజుల తర్వాత మళ్లీ కొలిస్తే చాలా పెరిగింది. ఎంజైమ్ కొత్తగా పుట్టదు కదా. అంటే అది ఏదో సంచిలో మూసి ఉంది, నిల్వ ఉన్నకొద్దీ సంచి పొర చివికి బయటపడింది. పారబోయాల్సిన శాంపిల్‌లో ఆయన ఒక కణాంగాన్ని చూశాడు. 1955లో దానికి లైసోజోము అని పేరు పెట్టాడు, 1974లో నోబెల్ పంచుకున్నాడు. ఆయన దగ్గర పనిచేసిన హెర్స్ 1963లో పాంపే వ్యాధికి కారణం ఒక లైసోజోము ఎంజైమ్ లోపమే అని చూపించాడు. ఈ జాతి వ్యాధుల్లో కారణం తెలిసిన మొదటిది అదే.

రెండో శాంపిల్‌లో తోడు ఎంజైమ్ చక్కగా ఉంది. గ్లూకోసెరబ్రోసిడేజ్ సాధారణ విలువలో పదో వంతుకు లోపే. గౌచర్ కణాలు రక్తంలోకి వదిలే కైటోట్రయోసిడేజ్ విపరీతంగా పెరిగింది. గౌచర్ ఖాయమైంది.

తప్పు జరిగిన చోటు, పేరుకున్న చోటు

జన్యు పరీక్షలో రెండు ప్రతుల్లోనూ ఒకే మార్పు వచ్చింది: ఎల్444పి. మన దేశంలో గౌచర్ పిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. గ్లూకోసెరబ్రోసిడేజ్ 497 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 444వ చోట ల్యూసిన్ ఉండాలి, ప్రోలిన్ పడింది. ప్రోలిన్ బిర్రుగా ఉండే ముక్క. గొలుసులో ఒక లంకె బిగుసుకుపోతే చుట్టూ ఉన్నవీ సరిగా ముడుచుకోవు.

ఇక్కడే నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఉంది. ఈ జబ్బుని లైసోజోము జబ్బు అంటాం. కానీ ఈ పాప లైసోజోములో లోపమేమీ లేదు. దాని పొర బాగుంది. లోపల ఆమ్లంగా, పీహెచ్ 4.5 నుంచి 5 దాకా ఉంచే ప్రోటాన్ పంపులు బాగున్నాయి. వాటికి ఏటీపీ రూపంలో శక్తి ఇచ్చే మైటోకాండ్రియా పని చేస్తున్నాయి. అరవై దాకా ఉండే ఎంజైముల్లో ఒక్కటి తప్ప అన్నీ వచ్చి కూర్చున్నాయి. రానిది ఒక్కటే. అది ఎక్కడ ఆగిపోయిందో చూడాలంటే కణంలో చాలా వెనక్కి వెళ్లాలి.

ఎంజైమ్ గొలుసుని, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు అల్లేది కణంలో పొరల వలలా ఉండే గరుకు అంతర్జీవ ద్రవ్యజాలం మీద. అల్లుతుండగానే గొలుసు ఆ జాలం లోపలికి దిగుతుంది. అక్కడ దానికి చక్కెర కొమ్మలు తగిలిస్తారు, మడత సరిగా పడేలా తోడు ప్రోటీన్లు పట్టుకుంటాయి. మడత కుదిరిందా లేదా అని చూసేదీ అక్కడే. కుదిరినవి ప్రోటీన్లని సర్ది పంపే గాల్జీకి వెళ్తాయి. కుదరనివి కొంతసేపు ఆగి, మళ్లీ ప్రయత్నించి, చివరికి కణద్రవ్యంలోకి నెట్టబడి ప్రోటియాజోములో ముక్కలవుతాయి. ఈ పాప ఎంజైమ్‌లో ఎక్కువ భాగం అక్కడే అయిపోతుంది. కణం దృష్టిలో అది తప్పు పని కాదు. పనికిరాని సరుకు ముందుకి పోకుండా ఆపింది. ఆ ఆపడం వల్ల ఖాళీగా మిగిలిన చోటు లైసోజోము, అందుకే కొవ్వు అక్కడ పేరుకుంది, అందుకే ప్లీహం పెరిగింది, అందుకే వాత పెట్టారు.

గాల్జీలోనూ ఇలాంటి గండం ఒకటి ఉంది. చాలా లైసోజోము ఎంజైములకి అక్కడ మానోజ్-6-ఫాస్ఫేట్ గుర్తు పడుతుంది, ఆ గుర్తు చూసి వాటిని లైసోజోముకి పంపుతారు. ఐ-సెల్ వ్యాధిలో ఆ గుర్తు వేసే పనే ఆగిపోయి, ఎంజైములన్నీ దారి తప్పి రక్తంలోకి పోతాయి. మన గ్లూకోసెరబ్రోసిడేజ్‌ది వేరే దారి. లింప్-2 అనే ప్రోటీన్ దాన్ని జాలం దగ్గర నుంచే చెయ్యి పట్టుకుని లైసోజోము దాకా తీసుకెళ్తుంది. కాబట్టి ఏ కణాంగమూ ఒంటరిగా పని చేయదు, ఒంటరిగా చెడిపోదు. బడిలో లైసోజోముల్ని "ఆత్మహత్యా సంచులు" అని బట్టీ పట్టించారు మాకు. పిల్లలకి ఇప్పటికీ అదే చెబుతున్నారు. నా మాటగా చెప్పాలంటే ఆ పేరు తీసేయాలి. కణాన్ని చంపడం లైసోజోము రోజువారీ పని కాదు. పాతబడ్డ మైటోకాండ్రియాతో సహా కణంలో అరిగిపోయిన వాటిలో చాలా భాగం చివరికి అక్కడికే వచ్చి, విడిపోయి, తిరిగి వాడకానికి వెళ్తుంది.

ఇంటికి చెప్పడం

తండ్రి వేరావల్ నుంచి వచ్చాక అందరినీ కూర్చోబెట్టాం. తల్లి ఏమీ మాట్లాడలేదు. అమ్మమ్మే అడిగింది: "మా ఇంటి రక్తమే పాడా బాబూ? నానే ఇచ్చినాను దీన్ని నా తమ్ముడికి."

"అమ్మా, పాడు కాదు," అన్నాను. "ఇలాంటి అక్షర దోషాలు నా రక్తంలోనూ కొన్ని ఉంటాయి, ప్రతి మనిషికీ ఉంటాయి. జతలో రెండోది బాగుంటే బయటపడవు. ఒకే ఇంట్లో సంబంధం కలుపుకుంటే ఒకే దోషం రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం పెరుగుతుంది." మేనమామ, మేనకోడలి పిల్లలకి ఏ జన్యువులోనైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి, మేనత్త మేనమామ పిల్లల మధ్య పెళ్లైతే పదహారింట ఒకటి. ఈ లెక్క వాళ్లకి చెప్పలేదు. చెప్పింది ఒక్కటే: ఇప్పుడు ఇద్దరిలోనూ దోషం ఉందని తెలుసు కాబట్టి ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం, కడుపుతో ఉంటే 11 నుంచి 13 వారాల మధ్య పరీక్ష చేయొచ్చు. చిన్నోడి ఎంజైమ్ పరీక్ష బాగానే వచ్చింది. ఆ మాట విన్నాక తల్లి మొదటిసారి ఏడ్చింది.

ప్లీహం తీయొద్దని గట్టిగా చెప్పాం. తీసేస్తే పేరుకునే కొవ్వు ఎముకల్లోకి, కాలేయంలోకి మరింత చేరుతుంది, ఇన్ఫెక్షన్ల భయం జీవితాంతం ఉంటుంది. వడ్డీకి తెచ్చిన డబ్బు ఆ వారమే తిరిగి ఇచ్చేశారు.

మందు అంటే బయట తయారుచేసిన అదే ఎంజైమ్. మొదట్లో, 1991లో, కాన్పుల తర్వాతి మావి నుంచి తీసేవారు, 1994 నుంచి ల్యాబ్‌లో తయారుచేసే ఇమిగ్లూసరేజ్ వచ్చింది. ఇది పని చేసే తీరు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఎంజైమ్‌ని ఊరికే రక్తంలోకి ఎక్కిస్తే ఎక్కువ భాగం కాలేయ కణాలే లాగేసుకున్నాయి. అప్పుడు దాని చక్కెర కొమ్మల చివర్లు కత్తిరించి లోపలి మానోజ్ అనే చక్కెర బయటపడేలా చేశారు. మాక్రోఫేజ్ పొర మీద మానోజ్‌ని పట్టుకునే రిసెప్టర్లు ఉంటాయి. వాటికి తగులుకుని, కణం మింగిన తిండితో పాటే లైసోజోము చేరుతుంది. వీధి గుమ్మంలో ఆపేసిన మనిషిని పెరటి గుమ్మంలోంచి తెచ్చినట్టు, జాలం, గాల్జీ దారి మొత్తం వదిలేసి.

రెండు వారాలకోసారి, జీవితాంతం, బరువుని బట్టి డోసు. ఖరీదు ఏ మధ్యతరగతి ఇంటికీ అందనిది. జాతీయ అరుదైన వ్యాధుల విధానం 2021 కింద గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా 50 లక్షల వరకు సాయం ఉంది. వాటిలో ఒకటి హైదరాబాద్ నిమ్స్. అక్కడ పేరు నమోదు చేయించాం. కాగితాలకి చాలా నెలలు పట్టింది. ఆధార్‌లో పాప పుట్టిన తేదీ తప్పుండటం వల్లే ఆరు వారాలు పోయాయి. ఇలాంటి కేసు చూసే తోటి డాక్టర్లు రిపోర్టు రాకముందే ఆ కాగితాలు సరిచూడమని నా విన్నపం.

కళ్లు

ఎల్444పి రెండు ప్రతుల్లోనూ ఉంటే మెదడు కూడా దెబ్బతినే మూడో రకం కావచ్చు. అది కళ్ల కదలికలో తెలుస్తుంది. జెనెటిక్స్ డాక్టరుగారు చెప్పాకే నేను ఈ పరీక్ష నేర్చుకున్నాను: పాప తల కదలకుండా పట్టుకుని ఒక వైపు నుంచి ఇంకో వైపుకి టక్కున చూడమనాలి. మా ల్యాబ్‌లో ఎడమ చేతిలో ఎర్ర పెన్ను మూత, కుడి చేతిలో నీలం మూత పెట్టి అడిగాను. ఎరుపు చూడు, నీలం చూడు. కళ్లు వెంటనే రాలేదు. ఒకసారి రెప్ప కొట్టి, తలని కొద్దిగా విసిరి, తల తిరిగాక దాని వెంట కళ్లు తెచ్చుకుంది. బడిలో బోర్డు మీద లైను తప్పుతుందని టీచరు చెప్పేదట. అది అల్లరి కాదు.

ఎక్కించే ఎంజైమ్ రక్తం నుంచి మెదడులోకి దాటదు. కడుపు తగ్గుతుంది, రక్తం కోలుకుంటుంది, ఎముకలు మెరుగవుతాయి, మెదడుకి తగిలిన దెబ్బ మిగిలిపోతుంది. తల్లిదండ్రులకి ఈ మాట దాచకుండా చెప్పాం. దగ్గు మందుల్లో వాడే ఆంబ్రోక్సాల్ ద్రవ్యజాలంలోనే ఎంజైమ్ మడతకి సాయపడుతుందని, మెదడులోకీ చేరుతుందని పరిశోధనలు జరుగుతున్నాయి. అక్కడి మోతాదు దగ్గు సిరప్‌కి చాలా రెట్లు ఎక్కువ. ఇది చదివి ఎవరూ మెడికల్ షాపులో సీసా కొని పిల్లలకి పోయొద్దు. ఆ నిర్ణయం ఆ కేంద్రం డాక్టర్లదే.

ఆరు నెలల ఇన్ఫ్యూజన్ల తర్వాత: హిమోగ్లోబిన్ 10.4, ప్లేట్‌లెట్లు 1,18,000, ప్లీహం 6 సెంటీమీటర్లు. ముక్కులోంచి రక్తం ఆగింది. రాత్రి నొప్పులు తగ్గాయి. కళ్లు అలాగే ఉన్నాయి, దిగజారలేదు. బడిలో ముందు బెంచీలో, బోర్డుకి సరిగ్గా ఎదురుగా కూర్చోబెడుతున్నారు.

పోయిన నెల అమ్మమ్మ మళ్లీ వచ్చింది, ఈసారి చెల్లెలి మనవడిని వెంటబెట్టుకుని. "ఈడికీ బల్ల ఉన్నాది బాబూ, అదేనేమో సూడండి." ముందు కడుపు మీద చెయ్యి పెట్టాను: 3 సెంటీమీటర్లు, మెత్తగా ఉంది. ఇంట్లో ఇలా పోయిన పిల్లలున్నారా అని అడిగి రాసుకున్నాను. స్లైడ్‌లో వైవాక్స్ మలేరియా ఉంగరాలు స్పష్టంగా ఉన్నాయి. మందులు వాడి, మూడు వారాలకి మళ్లీ వస్తే ప్లీహం చేతికి తగల్లేదు.